హెల్మెట్ లేదని సైకిలిస్టు పరిహారంలో కోత: న్యాయమేనా?

రెండుచక్రాలు

మా తమ్ముడు రోజూ సైకిల్ మీదే ఆఫీసుకు వెళ్తాడు. రోడ్డు వారగా ఆగి ఉన్న ఒక కారు పక్కనుంచి వెళ్తుంటే, లోపలున్న డ్రైవరు వెనక్కి చూసుకోకుండా తలుపు తీశాడు. తలుపు అంచు బ్రేక్ లివర్‌కి తగిలి హ్యాండిల్ గిర్రున తిరిగిపోయింది. వీడు ఎగిరి భుజం మీద పడ్డాడు. కాలర్‌బోన్ విరిగితే ప్లేటు పెట్టి స్క్రూలు బిగించారు. తలకి మాత్రం గీత కూడా పడలేదు.

తలుపు తీయడం తమ పాలసీదారుడి తప్పేనని కారు బీమా కంపెనీ ఒప్పుకుంది. మంచిదే అనుకున్నాం. ఉత్తరంలో రెండో పేరాకి వచ్చేసరికి అసలు సంగతి బయటపడింది. సైకిల్ తొక్కినవాడికి హెల్మెట్ లేదు కాబట్టి మొత్తం పరిహారంలో 25 శాతం తగ్గిస్తారట. ‘ఇకపై ఈ ప్రమాదం విషయంలో ఏ క్లెయిమూ చేయను’ అనే కాగితం కూడా జతచేశారు. సంతకం పెట్టి పంపితే వెంటనే డబ్బు వేస్తారట.

మేముండే చోట సైకిల్‌కి హెల్మెట్ తప్పనిసరి కాదు. తమ్ముడేమో "పోనీలే అక్కా, ఈ టెన్షన్ వదిలిపోతుంది" అంటున్నాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోతోంది. హెల్మెట్ భుజానికి పెట్టుకుంటారా? ఈ కోత న్యాయమని ఎవరైనా అనుకుంటే ఎందుకో చెప్పండి, వింటాను.

స్టీరింగ్‌సీటు

నేను చెప్తాను. కారు నడిపేవాణ్ణి కాబట్టి తిట్లకి సిద్ధపడే రాస్తున్నా.

తలుపు తీసినాయనది తప్పే, అందులో వాదనే లేదు. కానీ రోడ్డు మీదికొచ్చే మనిషి తన జాగ్రత్త తను చూసుకోవాలా, వద్దా? కారులో కూర్చునేవాళ్ళకి సీటు బెల్టు ఉంది, మోటారు సైకిల్ వాళ్ళకి హెల్మెట్ ఉంది. సైకిల్ వాళ్ళకి మాత్రం ఏ బాధ్యతా ఉండదు, దెబ్బ తగిలితే మొత్తం ఎదుటివాడే కట్టుకోవాలి! ఆ డబ్బు కూడా ఎక్కడినుంచో రాదు, మేం కట్టే ప్రీమియంలోంచే రావాలి. పావు వంతు తగ్గించడం శిక్షేం కాదు, బాధ్యతలో ఎవరి వాటా వాళ్ళు మోయడం.

కేసుకట్ట

లాయర్‌ని. ప్రమాదం ఎక్కడ జరిగితే అక్కడి చట్టమే చెల్లుతుంది కాబట్టి తీర్పు చెప్పను. ఈ 25 శాతం అనే అంకె ఎక్కడ పుట్టి ఉంటుందో మాత్రం చెప్తాను.

ఇంగ్లండ్ అప్పీలు కోర్టు సీటు బెల్టు విషయంలో ‘ఫ్రూమ్ వర్సెస్ బుచర్’ అనే కేసు తేల్చింది. 1976 నాటి లా రిపోర్టుల్లో ఉంటుంది. బెల్టు పెట్టుకుని ఉంటే గాయం అసలు తగిలేదే కాదని తేలితే 25 శాతం కోత. గాయం తగిలినా తక్కువగా తగిలేదని తేలితే 15 శాతం. బెల్టు ఉన్నా లేకున్నా గాయం అంతే ఉండేదని తేలితే ఏమీ కోయకూడదు. బీమా వాళ్ళు మొదటి మెట్టు ఒక్కటే గుర్తుపెట్టుకుంటారు. మూడో మెట్టు ఎప్పుడూ గుర్తురాదు, అదేం చిత్రమో!

మీ తమ్ముడిది కాలర్‌బోన్. హెల్మెట్ దాన్ని కాపాడేదని ఏ డాక్టరూ రాసివ్వడు. కాబట్టి ఈ లెక్క ప్రకారమే చూసినా కోత సున్నా.

ఒక్క విషయం మాత్రం మీకు నచ్చకపోవచ్చు. ‘హెల్మెట్ చట్టంలో లేదు కదా’ అనే వాదన మీద ఎక్కువ బరువు పెట్టకండి. ఆ కేసు నాటికి బ్రిటన్‌లో సీటు బెల్టు పెట్టుకోవడం కూడా తప్పనిసరి కాదు, ముందు సీట్లకి 1983లో అయింది. అయినా కోర్టు కోత పెట్టింది. చట్టం అడగకపోయినా, తెలివైన మనిషి తీసుకునే జాగ్రత్త తీసుకోలేదనే మాట నిలబడుతుంది. మీకు బలం గాయం దగ్గరే ఉంది.

స్టీరింగ్‌సీటు

చూశారా, లాయర్ గారే అన్నారు, చట్టం లేకపోయినా బాధ్యత ఉంటుందని.

కేసుకట్ట

సగమే చదివారండీ. అదే ఇంగ్లండ్‌లో 2009లో ‘స్మిత్ వర్సెస్ ఫించ్’ అని సైకిలిస్టు కేసే వచ్చింది. హెల్మెట్ పెట్టుకోకపోవడాన్ని బాధితుడి నిర్లక్ష్యంగా చూడొచ్చని జడ్జి సూత్రప్రాయంగా ఒప్పుకున్నారు. కానీ హెల్మెట్ ఉంటే ఆ గాయం తప్పేదని లేదా తగ్గేదని నిరూపించాల్సింది ప్రతివాది. నిరూపించలేకపోయారు. ఒక్క పైసా కోయలేదు. అదీ తల గాయం కేసు, భుజం కాదు!

భారత సుప్రీంకోర్టు 2020లో వేరే దారిలో దాదాపు ఇదే చెప్పింది. ఒకే మోటారు సైకిల్ మీద ముగ్గురు వెళ్తుంటే వెనకనుంచి కారు గుద్దిన కేసు అది. ముగ్గురు ఎక్కడం రూలుకి విరుద్ధమే. కానీ ఆ ఉల్లంఘనకీ, ప్రమాదానికీ లేదా గాయానికీ సంబంధం చూపించకుండా ఊరికే బాధితుడి మీద తప్పు వేయడం కుదరదంది.

క్లెయిమ్స్‌మనిషి

బల్లకి అవతలివైపు చాలా కాలం కూర్చున్నవాణ్ణి. ఇప్పుడు ఆ ఉద్యోగంలో లేను కాబట్టి కాస్త స్వేచ్ఛగా రాస్తాను.

మొదటి ఉత్తరంలో వచ్చే శాతం తీర్పు కాదండీ, బేరం మొదలుపెట్టే అంకె. అవతలివాళ్ళు అడగకపోతే అదే ఖాయమైపోతుంది. అక్కా, మీరు వెంటనే చూడాల్సింది ఒకటుంది. ఆ 25 శాతాన్ని వేటిమీద వేశారు? ఆస్పత్రి ఖర్చుల మీదేనా, మొత్తం మీదా? సైకిల్ రిపేరు, పోయిన జీతం కూడా కోశారా?

కాగితం మీద సంతకం గురించి కూడా చెప్పాలి. కాలర్‌బోన్‌లో పెట్టిన ప్లేటు చర్మం కిందే ఉంటుంది. బ్యాగు పట్టీ ఒరుసుకుని చాలామందికి ఇబ్బంది పెడుతుంది. కొందరికి తర్వాత మళ్ళీ ఆపరేషన్ చేసి తీయాల్సి వస్తుంది. ఇప్పుడు సంతకం పెడితే ఆ ఖర్చు, ఆ సెలవులు, అన్నీ మీ మీదే. భుజం పూర్తిగా పైకి లేస్తుందో లేదో తెలియకముందే లెక్క ముగించేయాలని కంపెనీకి తొందర ఉంటుంది. మీకెందుకు తొందర?

రెండుచక్రాలు

ఇప్పుడే తీసి చూశాను. సైకిల్ రిపేరులో కూడా పావు వంతు కోశారు! ముందు చక్రం వంగిపోవడానికీ వాడి తల మీద హెల్మెట్ లేకపోవడానికీ సంబంధం ఏంటో ఆ దేవుడికే తెలియాలి.

స్టీరింగ్‌సీటు

సరే, ఇది మరీ అన్యాయం. ఈ కేసులో కోత తప్పని ఒప్పుకుంటాను. కానీ అసలు ప్రశ్న అక్కడితో అయిపోదు కదా. అదే తలుపు, అదే సైకిలు, మనిషి తల నేలకి కొట్టుకుంది అనుకుందాం. అప్పుడేమంటారు? అప్పుడు కూడా మొత్తం కారువాడే కట్టాలా?

నిదానంగా

మీరు అడిగిన కేసు నిజంగానే జరిగింది, జర్మనీలో. 2011లో ఒకావిడ సైకిల్ మీద పనికి వెళ్తుంటే ఆగి ఉన్న కారు తలుపు తెరుచుకుంది. తలకి తీవ్రమైన గాయం. హెల్మెట్ లేదు. కింది కోర్టు 20 శాతం కోత పెట్టింది. 2014 జూన్‌లో జర్మనీ అత్యున్నత సివిల్ కోర్టు ఆ కోత కొట్టేసింది. చట్టం అడగలేదు సరే, అప్పట్లో పట్టణాల్లో సైకిల్ తొక్కేవాళ్ళలో హెల్మెట్ పెట్టుకునేవాళ్ళు 11 శాతమే. అందరూ పాటించే జాగ్రత్త కానప్పుడు, అది పాటించలేదని ఒక్కావిణ్ణి ఎలా తప్పుపడతారన్నది కోర్టు మాట.

స్టీరింగ్‌సీటు

అంటే పది మందిలో తొమ్మిది మంది జాగ్రత్తగా లేకపోతే ఎవరిదీ తప్పు కాదన్నమాట! రేపు అందరూ హెల్మెట్ పెట్టడం మొదలుపెడితే అదే కోర్టు కోత పెడుతుందా? ఈ లెక్కన పెట్టుకోకుండా ఉండటమే లాభం. ఆస్ట్రేలియాలో చూడండి, విక్టోరియా రాష్ట్రం 1990లోనే సైకిల్‌కి హెల్మెట్ తప్పనిసరి చేసింది. ఎవరూ చచ్చిపోలేదు.

నిదానంగా

ఎక్కువమంది పెట్టుకుంటే అప్పుడు తీర్పు మారొచ్చన్నది నిజమే. ఆ తీర్పులో నాకూ నచ్చని చోటు అదే. నా అభ్యంతరం వేరు.

యూరప్‌లో సైకిల్ హెల్మెట్‌కి ఉన్న ప్రమాణం ఈఎన్ 1078. అందులో తల నమూనాకి హెల్మెట్ తొడిగి చదునైన ఇనుప దిమ్మ మీదికి సెకనుకు 5.42 మీటర్ల వేగంతో పడేస్తారు. గంటకి 20 కిలోమీటర్లకి కాస్త తక్కువ. అంటే సైకిల్ మీంచి మనిషి తనంతట తను పడితే తల నేలకి తగిలే వేగం, సుమారుగా. వేగంగా వచ్చే కారు గుద్దడం ఆ పరీక్షలో లేదు. హెల్మెట్ పనికిరాదని కాదు, నేను పెట్టుకునే తొక్కుతాను. కానీ ‘పెట్టుకుంటే ఏమీ అయ్యేది కాదు’ అని ప్రతి కేసులోనూ ఇన్స్యూరెన్స్ వాళ్ళు ఊహించుకుని కోసేస్తే కుదరదు. ఎంత తగ్గేదో డాక్టరు చేత చెప్పించాలి.

గాలిపంపు

మీరంతా హెల్మెట్ చుట్టూనే తిరుగుతున్నారు. అసలు ప్రశ్న మొదట ఎవరు నిరూపించాలన్నది.

నెదర్లాండ్స్‌లో మోటారు వాహనం సైకిల్‌ని గుద్దితే బాధ్యత వాహనం వైపే మొదలవుతుంది. ఎంత జాగ్రత్తగా ఉన్నా తప్పించలేకపోయానని డ్రైవరే చూపించాలి. అది చూపించలేకపోతే, సైకిలిస్టు తప్పు ఉన్నా, 14 ఏళ్ళు నిండినవాళ్ళకి కనీసం సగం వస్తుంది. 14 ఏళ్ళలోపు పిల్లలకైతే మొత్తం వస్తుంది, కావాలని చేస్తే తప్ప. ఫ్రాన్స్‌లో 1985 చట్టం ఉంది. 16 ఏళ్ళలోపువాళ్ళకీ 70 దాటినవాళ్ళకీ వాళ్ళ తప్పు చూపించి గాయాల పరిహారం ఆపడం దాదాపు అసాధ్యం. మిగతావాళ్ళకి కూడా క్షమించరాని తప్పు, అదీ ప్రమాదానికి అదొక్కటే కారణం అయితేనే ఆపగలరు.

ఇంకోవైపు అమెరికాలో అలబామా, మేరీల్యాండ్, వర్జీనియా, నార్త్ కరోలినా ఉన్నాయి. అక్కడి పాత సూత్రం ప్రకారం బాధితుడిది కాస్త తప్పున్నా మొత్తం పోవచ్చు. ఒకటే తలుపు, ఒకటే భుజం, ఒకచోట మొత్తం, ఇంకోచోట సున్నా! ఒకటిన్నర టన్నుల ఇనుము తెచ్చినవాడే ముందు లెక్క చెప్పాలన్నది నా పక్షం.

స్టీరింగ్‌సీటు

దానికి నేను ఒప్పుకోను. రాత్రిపూట లైటు లేకుండా ఎదురుగా వచ్చే సైకిల్ వాళ్ళని రోజూ చూస్తున్నా. వాళ్ళు నా కారు కింద పడితే ముందుగానే నేను దోషినా?

గాలిపంపు

దోషి కాదండీ. జైలుకి పంపడం వేరు, బీమా డబ్బు ఎవరు కట్టాలన్నది వేరు. ఈ రెండూ కలిపేసే సగం మంది భయపడుతున్నారు. లైటు లేకపోవడం ప్రమాదానికే కారణం కావచ్చు, అది లెక్కలోకి రావాల్సిందే. హెల్మెట్ లేకపోవడం వల్ల తలుపు తెరుచుకోలేదు కదా.

క్లెయిమ్స్‌మనిషి

మీరు కొట్టుకుంటూ ఉండండి, నేను అక్కకి పని చెప్తాను.

సైకిల్ బాగుచేయించకండి. బ్రేక్ లివర్ చివర కారు రంగు అంటుకుని ఉంటే దగ్గరనుంచి, పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీయండి. కారు తలుపు ఫొటోలు ఉంటే ఇంకా మంచిది. గీత తలుపు అంచు మీద ఉందా, లోపలివైపు ఉందా చూడండి. అంచు మీదుంటే తలుపు తెరుచుకుంటుండగా తగిలిందని చెప్పడానికి బలం. ఇవాళ తప్పు ఒప్పుకున్నవాళ్ళు, రేపు కోత ఆపమంటే ‘తలుపు ముందే తెరిచి ఉంది, చూసుకోకుండా వచ్చి గుద్దాడు’ అని మాట మార్చడం కొత్తేం కాదు. దగ్గర్లో సీసీటీవీ ఉంటే ఇవాళే అడగండి, పాత రికార్డింగ్ మీద కొత్తది పడిపోతుంది.

ఆస్పత్రిలో మొదట రాసిన కేస్ షీట్ కాపీ తీసుకోండి. తలకి గాయం లేదని అందులో రాసి ఉంటే మీ వాదన సగం అయిపోయినట్టే. ఎముకల డాక్టరు చేత ప్లేటు గురించి, ముందుముందు ఏం అవసరం పడొచ్చో రాయించుకోండి. చొక్కా తొడగడానికి, స్నానానికి ఇంట్లోవాళ్ళు సాయం చేస్తున్న రోజులు కూడా రాసిపెట్టండి. చాలాచోట్ల దానికీ విలువ కడతారు.

కేసుకట్ట

గడువు మాత్రం మర్చిపోకండి. ఇంగ్లండ్‌లో గాయాల కేసుకి మామూలుగా మూడేళ్ళు. భారత్‌లో మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కి వెళ్ళడానికి ఆరు నెలల గడువు తెచ్చిన సవరణ 2022 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. మీ దగ్గర ఎంతో ఈ వారమే కనుక్కోండి. కంపెనీతో ఉత్తరాలు నడుస్తున్నాయి కదా, గడువు ఆగుతుందిలే అనుకోకండి.

రెండుచక్రాలు

తమ్ముడితో మాట్లాడాను, సంతకం పెట్టట్లేదు. ఇలా రాశాం, చూడండి:

"మీ ఉత్తరం అందింది. గాయం కాలర్‌బోన్‌కి మాత్రమే తగిలింది, తలకి ఏ గాయమూ లేదు, కేస్ షీట్ కాపీ జతచేశాం. హెల్మెట్ ఉంటే ఈ గాయం ఎలా తగ్గేదో చెప్పే వైద్య ఆధారం పంపండి. సైకిల్ రిపేరు, జీతం నష్టాల మీద కోత ఎందుకు వేశారో విడిగా వివరించండి. చికిత్స పూర్తయ్యేవరకు తుది సెటిల్‌మెంట్ కాగితం మీద సంతకం చేయలేను. ఇకనుంచి నేను హెల్మెట్ తప్పక పెట్టుకుంటానని కూడా తెలియజేస్తున్నాను."

స్టీరింగ్‌సీటు

బాగుంది. తల గాయం విషయంలో నా మాట మీద నేనున్నాను, కానీ ఈ ఉత్తరం పంపేయండి.

కేసుకట్ట

చివరి వాక్యం తీసేసి పంపండి. హెల్మెట్ కొనుక్కోమనండి, కానీ ఆ సంగతి వాళ్ళకి రాయాల్సిన పనిలేదు.