రవీంద్రభారతి నాటకశాలా, సంగీత సభామందిరమా?

ప్రశ్న (శ్రోత):

నమస్కారం. హైదరాబాదులోని రవీంద్రభారతి చరిత్ర గురించి ఒక వ్యాసం సిద్ధం చేస్తున్నాను. కర్ణాటక సంగీత కచేరీలు, కూచిపూడి ప్రదర్శనలు, పద్యనాటకాలు, ఉగాది పంచాంగ శ్రవణం, పుస్తకావిష్కరణలు, సంస్మరణ సభలు అన్నీ ఆ ఒక్క వేదిక మీదే దశాబ్దాలుగా జరుగుతూ వస్తున్నాయి. మిగిలిన చోట్ల కేవలం సంగీతం కోసమే కట్టిన మందిరాల గురించి చదివిన తరువాత నాకొక సందేహం కలిగింది. ఈ భవనాన్ని సంగీతాన్ని దృష్టిలో పెట్టుకొని కట్టారా, లేక నాటకశాలగా కట్టినదాన్నే మనం కచేరీలకు కూడా వాడుకుంటున్నామా? రెండవదే నిజమైతే, దానివల్ల పాటకు కలిగే లాభనష్టాలేమిటో తెలిసినవారు వివరించగలరు.

సమాధానం (పాతబాటసారి):

ముందుగా చరిత్ర చెబుతాను. రవీంద్రనాథ్ ఠాగూర్ 1861 మే 7న జన్మించారు. ఆయన శతజయంతిని దేశమంతటా జరిపినప్పుడు, ఆ స్మారకం విగ్రహాలతో ఆగిపోకుండా కళలకు నీడనిచ్చే భవనాల రూపంలో నిలవాలన్న ఆలోచన బలపడింది. ఢిల్లీలో హబీబ్ రహ్మాన్ రూపకల్పన చేసిన రవీంద్ర భవన్, చండీగఢ్‌లో ఠాగూర్ థియేటర్, కలకత్తాలో రవీంద్ర సదన్, బెంగళూరులో రవీంద్ర కళాక్షేత్ర ఈ కుటుంబానికి చెందినవే. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అయిదేళ్లయినా నిండని ఆ రోజుల్లో, శాసనసభకు దగ్గరలో, మొహమ్మద్ ఫయాజుద్దీన్ రూపకల్పనలో వెలసిన రవీంద్రభారతిని 1961 మే 11న అప్పటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించారు. ఠాగూర్ తత్త్వచింతనపై 1918లోనే గ్రంథం రాసిన వ్యక్తి చేతుల మీదుగా ఆ పని జరగడం సముచితమే. అప్పటి ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్య.

ఇక మీ సందేహానికి వస్తే, అది నాటకశాలే. ముఖద్వారం వంటి చట్రం, దాని వెనుక తెర, ఇరుపక్కల వింగులు (నటులు వచ్చిపోయే పక్క తెరల చోటు), ఎదురుగా సుమారు వెయ్యి మందికి ఆసనాలు ఉన్న ఆ అమరిక రంగస్థలానికి సంబంధించినది. శతజయంతి భవనాలలో చాలావాటిది ఇదే పోలిక.

మీ వ్యాసంలో మద్రాసు మ్యూజిక్ అకాడమీని పక్కన పెట్టి పోల్చండి. 1927లో మద్రాసులో జరిగిన కాంగ్రెస్ మహాసభల సందర్భంలో పుట్టిన ఆలోచనతో ఆ సంస్థ ఏర్పడింది. దాని సొంత సభామందిరానికి 1955లో నెహ్రూ శంకుస్థాపన చేయగా, 1962లో అది ప్రారంభమైంది. అంటే అక్కడ ముందు సంగీత సంస్థ పుట్టి, ఆ తరువాత తనకు కావలసిన ఇల్లు కట్టుకుంది. ఇక్కడ ప్రభుత్వం ముందు ఇల్లు కట్టింది, ఆ తరువాత ఎవరి అవసరం కొద్దీ వారు వచ్చి వాడుకున్నారు. నేటికీ రవీంద్రభారతిని చూసుకునేది తెలంగాణ భాషా సాంస్కృతిక శాఖ. శాఖ సొంతంగా జరిపే ఉత్సవాలు కొన్ని ఉన్నా, ఏడాది పొడుగునా వేదికను నింపేది అద్దెకు తీసుకునే సంస్థలే. అందువల్ల ఈ మందిరం అభిరుచి ఏమిటన్న ప్రశ్నకు ఒకే జవాబు దొరకదు. ప్రధాన మందిరంతో పాటు మినీ హాలు, పైడి జయరాజ్ పేరిట ఉన్న ప్రివ్యూ థియేటరు కూడా ఆ ప్రాంగణంలో ఉన్నాయని మరచిపోకండి.

సమాధానం (తంబుర శ్రుతి):

నేను వాస్తువు జోలికి పోకుండా ధ్వని గురించి మాత్రమే చెబుతాను. పలికిన స్వరం ఆగిన తరువాత కూడా గోడలు, పైకప్పు తిప్పి పంపే శబ్దం కొంతసేపు వినిపిస్తూనే ఉంటుంది. దాన్ని ప్రతినాదం అంటారు. ఆ శబ్దం 60 డెసిబెల్స్ తగ్గడానికి పట్టే సమయమే ప్రతినాద కాలం. ఈ లెక్కను కనిపెట్టినవాడు హార్వర్డ్ ఆచార్యుడు వాలెస్ సాబిన్. రాత్రివేళ నగరం సద్దుమణిగాక, పక్క మందిరంలోని మెత్తటి దిండ్లను మోయించి తెచ్చి, వాటి సంఖ్య పెంచుతూ తగ్గిస్తూ, ఒక ఆర్గన్ గొట్టం శబ్దం అణగడానికి ఎంతసేపు పడుతున్నదో ఆయన గడియారంతో కొలిచేవాడు. గది పరిమాణం పెరిగితే ఆ కాలం పెరుగుతుందని, బట్టలు, దిండ్లు, మనుషులు పెరిగితే తగ్గుతుందని తేల్చాడు. ఆ సూత్రం ఆధారంగా కట్టిన మొదటి మందిరం 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాల్.

పెద్ద వాద్యబృందపు సంగీతానికి దాదాపు రెండు సెకన్ల ప్రతినాదం శోభనిస్తుంది. ఉపన్యాసానికి ఒక సెకను కూడా ఎక్కువే. మన కచేరీ ఈ రెండింటికీ నడుమ, మాటకు దగ్గరగా నిలుస్తుందని నా అభిప్రాయం. ఆలాపనకు కొంత ప్రతినాదం ఉంటే హాయిగానే ఉంటుంది కాని, కల్పనస్వరాలు (గాయకుడు అప్పటికప్పుడు అల్లే స్వరాలు) మూడో కాలంలో, అంటే అతివేగంగా, పరుగెత్తేటప్పుడు, లయవాద్యాలు మాత్రమే మోగే తని ఆవర్తనంలో మృదంగం, ఘటం ఒకదానికొకటి బదులు చెప్పేటప్పుడు అదే ప్రతినాదం అక్షరాలను అలికేస్తుంది. కాబట్టి నాటకశాలలో ప్రతినాదం తక్కువ కావడం మన సంగీతానికి పెద్ద లోపం కాదు. అసలు ఇబ్బంది మరొకచోట ఉంది. ఏ నాటకశాలలోనైనా వేదిక పైభాగం తెరలు ఎత్తడానికి ఖాళీగా ఉంటుంది, పక్కలంతా గుడ్డలే. గాయకుడి గొంతులో సగం శ్రోతల దాకా రాకముందే అక్కడ ఇంకిపోతుంది. వీణ సంగతి చెప్పనే అక్కరలేదు. ఆ లోటును పూడ్చడానికి మైకు వచ్చింది. మైకు వచ్చాక ప్రతి వాద్యానికీ ఒకటి కావలసి వచ్చింది. ఇప్పుడు మనం వింటున్నది చాలావరకు మందిరాన్ని కాదు, స్పీకరు పెట్టెలను.

సమాధానం (తెరవెనుక):

పై వివరణ శాస్త్రరీత్యా సరైనదే. అయితే నాటకశాల కావడం వల్ల సంగీతం నష్టపోయిందన్న భావన తెలుగువారి విషయంలో పూర్తిగా నిలవదు. మన పద్యనాటకంలో సంగీతం నాటకంలో కలిసిపోయిన భాగం. శ్రీకృష్ణ పాత్రధారి పద్యం అందుకొని రాగం తీస్తే, శ్రోతలు వన్స్‌మోర్ అని కేకలు వేసి కథను ఆపించి మరీ మళ్లీ పాడించుకున్న సంప్రదాయం మనది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ప్రదర్శనతో మొదలైన సురభి నాటక సమాజం వారి తెరలు, మాయలు, క్షణాల్లో మారే రంగాలు చూడాలంటే పైన ఎత్తు, పక్కన చోటు ఉండి తీరాలి. సంగీతం కోసమే కట్టిన పెట్టెలాంటి మందిరంలో వారు చేయగలిగేది తక్కువ.

కూచిపూడి సంగతి కూడా చూడండి. భామాకలాపంలో ఇద్దరు పట్టుకున్న తెరచీర వెనుక సత్యభామ నిలిచి, జడను తెర మీదుగా ముందుకు వేసి తన పాత్ర గొప్పతనాన్ని చాటుతుంది. ఆ క్షణంలో ఆమె గజ్జెల సవ్వడి, నట్టువాంగం (తాళాలు వేస్తూ నృత్యాన్ని నడిపే పని), గాయకుడి దరువు, దీపం వెలుగు నాలుగూ ఒక్కసారిగా ప్రేక్షకుడికి అందాలి. ఇందుకు చెక్క నేల కావాలి. కాంక్రీటు మీద గంటసేపు అడుగులు వేస్తే కాళ్లు చెడతాయి, అడుగు శబ్దమూ పలకదు.

నేను కొన్నేళ్లు వేర్వేరు సభామందిరాలలో దీపాల పని చూశాను. ప్రేక్షకులకు తెలియని చరిత్ర అంతా అక్కడే జరుగుతుంది. సాయంత్రం ఆరుకు కచేరీ అయితే, మధ్యాహ్నం ఒక సన్మాన సభ ముగిసి, వారి పూలదండలు, ఫ్లెక్సీలు, కుర్చీలు తొలగించాకనే మాకు వేదిక దక్కేది. దీపాలు సరిచూసుకోవడానికి, మైకులు పరీక్షించడానికి మిగిలేది ముప్పావుగంట. ఆ హడావుడిలో చెడిన శబ్దానికి మందిరాన్ని తప్పు పట్టినవారే ఎక్కువ.

శ్రోత:

అందరికీ కృతజ్ఞతలు. ఒక చిన్న సందేహం మిగిలింది. ఉన్న నాటకశాలనే కచేరీకి అనుకూలంగా మార్చే ఉపాయం ఏదైనా ఉందా?

సమాధానం (తంబుర శ్రుతి):

ఉంది. గాయకుల వెనుకా పక్కలా నిలబెట్టి, తల మీదుగా కాస్త ముందుకు వాల్చే చెక్క పలకల గూడును చాలా దేశాల నాటకశాలలలో కచేరీ రోజున అమర్చి, మరునాడు తీసేస్తారు. గొంతు తెరలలో ఇంకకుండా శ్రోతల వైపు తిరుగుతుంది, పాడేవారికి తమ పాట తమకు వినిపిస్తుంది. అయితే దాన్ని అమర్చడానికి రెండు మూడు గంటలు కావాలి. తెరవెనుక గారు చెప్పిన ముప్పావుగంటలో అది సాధ్యం కాదు. అందుచేత ఏ మందిరం గురించి రాసినా, కచేరీకి ఎన్ని గంటల ముందు వేదికను అప్పగిస్తారో అడిగి, ఆ సంగతిని కూడా వ్యాసంలో చేర్చండి.