ఆరు అంటే అంకె మాత్రమేనా? తమిళం, మలయాళం, కన్నడం తెలిసినవారు చెప్పగలరా?

చెన్నైలో చదువుతున్న మా అమ్మాయి కోసం ఒకేలా వినిపించే చిన్న మాటలను నోటుపుస్తకంలో రాస్తున్నాను. ‘ఆరు’ దగ్గర ఆగిపోయాను.

మనకు అది అంకె. క్రియగా అయితే దీపం ఆరుతుంది, తడిబట్టలు ఆరతాయి. తమిళంలోనూ ఆరు అంకే, కానీ నది కూడా. త్యాగరాజస్వామి సమాధి ఉన్న తిరువయ్యారు పేరులో ‘ఐదు నదులు’ ఉన్నాయని తెలిసినప్పుడు ఒళ్లు పులకరించింది. ఎన్నేళ్లుగా ఆ పేరు పలుకుతున్నాను, లోపల నీళ్లున్నాయని ఎన్నడూ తోచలేదు! కేరళలో మున్నార్ మూడు నదులు, పెరియార్ పెద్ద నది. మన పాలేరు, మున్నేరులలోని ‘ఏరు’ కూడా దీనికి చుట్టమే కదా.

తమిళులు కాఫీ చల్లబడినా, గాయం మానినా ‘ఆరు’ అనే అంటారు. మనం బట్టలకు వాడే మాట వాళ్లు గాయానికి వాడుతున్నారని మొదట ఆశ్చర్యపోయాను. తర్వాత మన ‘చల్లారు’ గుర్తొచ్చింది. అందులో ఉన్నదీ ఈ ఆరే అని నా నమ్మకం.

నాకు కావలసిన సాయం ఇది. పాత తెలుగులో అంకెనూ, ఆరిపోవడాన్నీ బండి ఱతోనే ‘ఆఱు’ అని రాసేవారు. మీ ఊళ్లో పెద్దలెవరైనా ఈ ఱను వేరుగా పలకడం విన్నారా? కన్నడిగుల నోట ‘ఆరు’ ఏ ఏ అర్థాల్లో వస్తుంది? తుళు, గోండి మాట్లాడేవారు నదిని, అంకెను ఏమంటారో కూడా రాయండి. ఇంట్లో వాడే వాక్యం ఒక్కటి ఉదాహరణగా ఇస్తే అమ్మాయికి చదివి వినిపిస్తాను.