అప్‌డేట్: మోకాళ్ల నొప్పులతోనే అమ్మ రువాండా గొరిల్లాలను చూసొచ్చింది

అమ్మకు మోకాళ్ల నొప్పులు, రువాండా వోల్కనోస్ నేషనల్ పార్క్‌లో గొరిల్లా ట్రెక్ చేయగలదా అని అడిగాను కదా. వెళ్లొచ్చాం. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

బాగా పనికొచ్చింది ఒక్కటే: పొద్దున ఏడింటికి పార్క్ ఆఫీసు ఉన్న కినిగిలో వచ్చినవాళ్లని గ్రూపులుగా వేసే ముందే మోకాళ్ల సంగతి గైడ్‌కి చెప్పడం. దగ్గర్లో ఉన్న గొరిల్లా కుటుంబం దగ్గరికి పంపారు. అడవి మొదట్లోనే బ్యాగులు మోసే పోర్టర్‌ని మాట్లాడుకున్నాం. బురదలో అమ్మ చెయ్యి వదల్లేదు ఆయన. దురదగొండిలాంటి ఆకులు తగిలితే ఒకటే మంట, గ్లౌజులు మర్చిపోకండి. ఎత్తు పడదేమోనని మాత్రల కోసం పడ్డ టెన్షన్ అంతా దండగ.

1500 డాలర్ల పర్మిట్‌కి చూడనిచ్చేది గంటే. వీపు తెల్లబడ్డ పెద్ద మగ గొరిల్లా వెదురు విరుచుకుని తింటుంటే అమ్మ నొప్పి మాటే ఎత్తలేదు. అదే పార్క్‌లోని బిసోకే అగ్నిపర్వతం (3711 మీటర్లు) మాత్రం నేనొక్కడినే ఎక్కాను. మోకాళ్లు బాగాలేనివాళ్లు దాని జోలికి వెళ్లకండి.