మంచు కరిగి బేస్‌మెంట్‌లోకి నీళ్లు వస్తున్నాయి, ఏం చేయాలి?

మేం అమెరికాలో మినియాపోలిస్ దగ్గర ఉంటామండీ. పోయిన వారం తుఫానుకి మోకాలి లోతు మంచు పడింది. మొన్నటి నుంచి ఒక్కసారిగా ఎండ, నిన్న మధ్యాహ్నం 15 డిగ్రీలు. పైన మంచు గబగబా కరుగుతోంది గానీ కింద నేల ఇంకా రాయిలా గడ్డకట్టే ఉంది. నీళ్లు ఇంకక గోడవైపే వస్తున్నాయి. రాత్రి బేస్‌మెంట్‌లో మూలకి వెళ్లి కార్పెట్ మీద కాలు పెడితే వేళ్ల మధ్య నుంచి చల్లటి నీళ్లు పైకొచ్చాయి. సంప్ పంపు (బేస్‌మెంట్ గుంటలో చేరే నీళ్లని బయటికి తోడేది) తిరుగుతూనే ఉంది, బయట దాని పైపు మూతి మాత్రం ఐసుతో పూడిపోయింది. వేడినీళ్లు పోస్తే తెరుచుకుంది, తెల్లారేసరికి మళ్లీ మామూలే.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్న ఉండేది ఆ కింద గదిలోనే. చాలా టెన్షన్‌గా ఉంది. గోడ పక్క మంచు ఎంత దూరం వరకు తీసేయాలి? పంపుకి తాత్కాలికంగా వేరే గొట్టం తగిలించవచ్చా? తడిసిన కార్పెట్ ఆరబెడితే సరిపోతుందా, పీకేయాల్సిందేనా? ఇలాంటిది చూసినవాళ్లు దయచేసి చెప్పండి.