"రక్తం పల్చబడే గోలి": ఈ మాట ఉంచాల్నా, మార్చాల్నా?

ప్రశ్న, హన్మకొండ నుంచి:
గుండె లయ తప్పినోళ్ళకు, కాలి నరంల నెత్తురు గడ్డకట్టినోళ్ళకు రాసే వార్ఫరిన్, అపిక్సబాన్ గోలీల మీద ఒక కరపత్రం తయారైతుంది. మన దిక్కు రెండిటికీ ఒకటే మాట: "రక్తం పల్చబడే గోలి". అందరికీ తెలిసిన మాటని అదే పెట్టినం. నిజంగ రక్తం పల్చబడుతదా? లేకుంటే ఏం రాయాలె?

తెలుగు ఉపాధ్యాయుడు, జనగామ:
పల్చన అంటే చిక్కదనం తగ్గుడు. నీళ్ళు కలిస్తే పాలు పల్చన, పప్పు తక్కువైతే చారు పల్చన. మర్యాద పోయినోడు "నలుగుర్ల పల్చనైండు". ఎక్కడ వాడినా ఏదో తగ్గిందన్న అర్థం ఆ మాటలనే ఉంది. నెత్తురుకు చేర్చినప్పుడు "రక్తం తక్కువైతదట, బలం పోతదట" అని వినబడుతది. గోలి మానేయడానికి అంతకన్న పెద్ద కారణం అక్కర్లేదు. ఇది బ్లడ్ థిన్నర్ అనే ఇంగ్లిషు వాడుకను ఉన్నదున్నట్టు దించుకున్నది. ఆ పోలిక అక్కడ గూడ తప్పే.

మనకు "పేరుకొనుడు" అనే చక్కటి క్రియ ఉంది. చలికాలం పొద్దున సీసాల నెయ్యి పేరుకుంటది. కారేది కారకుండ నిలిచిపోవుడే ఆ మాటకు అర్థం. నెత్తురుకు అచ్చంగ సరిపోతది.

"గడ్డ" దగ్గర మాత్రం జాగ్రత్త. ఉల్లిగడ్డ, ఆలుగడ్డ, ఓరుగల్లు గడ్డ, చంకల లేచిన గడ్డ, కడుపుల గడ్డ. "కాలుల గడ్డ ఉంది" అని రాస్తే చీము గడ్డో, కణితో అనుకుంటరు. "నెత్తురు గడ్డకట్టింది" అని క్రియగ రాస్తే తికమక ఉండదు.

ల్యాబ్ టెక్నీషియన్, కరీంనగర్:
సార్ చెప్పింది పరీక్షల గూడ కనబడుతది. ఐ.ఎన్.ఆర్.ను "పల్చదనం టెస్టు" అంటరు గానీ మేం కొలిచేది చిక్కదనం కాదు, సెకన్లు. నీలం మూత గొట్టంల 0.3 మి.లీ. సిట్రేటు ఉంటది, దానికి 2.7 మి.లీ. రక్తం పట్టాలె. సిట్రేటు కాల్షియంను పట్టుకుంటది కాబట్టి రక్తం పేరుకోదు. తిప్పి పైన తేరిన ప్లాస్మా తీసి, కాల్షియం ఉన్న రసాయనం కలిపి, ఎన్ని సెకన్లకు పేరుకుందో చూస్తం. మామూలుగ 11 నుంచి 13 సెకన్లు. రోగికి వచ్చిన సెకన్లను మామూలు సెకన్లతో భాగించి, వాడిన రసాయనాన్ని బట్టి సరిచేస్తే వచ్చే అంకెనే ఐ.ఎన్.ఆర్. గొట్టంల రక్తం గీత దాక నిండకపోతే సిట్రేటు ఎక్కువై అంకె అబద్ధంగ పెరుగుతది, డోసు తప్పుగ తగ్గుతది. నన్నడిగితే సరైన మాట "ఆలస్యం". ఈ గోలి నెత్తురు పేరుకునుడును ఆలస్యం చేస్తది.

ఫార్మసిస్టు, వరంగల్:
మాట కన్న ముందు ఇంకో సంగతి చూడాలె, అన్నా. ఒకే మాట కింద రెండు గోలీలను పెడితే ఒకదాని జాగ్రత్తలు ఇంకోదానికి అంటుకుంటయి.

వార్ఫరిన్ నేరుగ నెత్తురు మీద పనిచేయదు. కాలేయం విటమిన్ కె తోని గడ్డకట్టే ప్రొటీన్లు తయారు చేస్తది, ఆ తయారీకి అడ్డం పడుతది. అప్పటికే నెత్తురుల ఉన్నవి అరిగేదాక పూర్తి ఫలితం రాదు, సుమారు 5 రోజులు పడుతది. చాలామందికి ఐ.ఎన్.ఆర్. 2 నుంచి 3 మధ్య ఉండాలె. పాలకూర, తోటకూర మానుమని చెప్పొద్దు, వారం వారం ఒకే లెక్కల తినుమని చెప్పాలె. ఒక వారం రోజూ తిని, ఇంకో వారం ముట్టకపోతే అంకె ఊగుతది. మెట్రోనిడజోల్ అంకెను పెంచుతది, టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ దించుతది. చీటీల మీద ఎసిట్రోమ్ అని ఉండేది దీని చుట్టమే, అసలు పేరు ఎసినోకౌమరాల్.

అపిక్సబాన్ తయారీ జోలికి పోదు, తయారైన ఒక ప్రొటీన్‌ను నేరుగ ఆపుతది. పేరులనే ఉంది: "ఎక్స్ఎ" అంటే పదో నంబరు ప్రొటీన్ పనిచేసే రూపం, "బాన్" అంటే అడ్డుకట్ట. మింగిన 3, 4 గంటలకే పూర్తి జోరు మీద ఉంటది, సుమారు 12 గంటలకు సగమైతది. అందుకే పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. గుండె లయకు మామూలుగ 5 మి.గ్రా. చొప్పున. 80 ఏండ్లు నిండుడు, బరువు 60 కిలోలు లేదా తక్కువ ఉండుడు, కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్ రక్త పరీక్షల 1.5 లేదా ఎక్కువ ఉండుడు, ఈ మూడింట్ల రెండుంటే 2.5. ఆకుకూరల లెక్క లేదు. ఐ.ఎన్.ఆర్. పరీక్ష దీని పనిని కొలువదు. 1.2 వచ్చిందని "గోలి పనిచేస్తలేదు" అనుకునుడు తప్పు. కిడ్నీ పరీక్ష మాత్రం చేయిస్తుండాలె. గుండెకు లోహపు వాల్వు పెట్టినోళ్ళకు ఇది పనికిరాదు, వాళ్ళకు వార్ఫరిన్ జాతి గోలీలే.

ఇంకొకటి. ఎకోస్ప్రిన్‌ను, అంటే ఆస్పిరిన్ గోలిని గూడ ఇదే మాటతోని పిలుస్తరు. అది ప్లేట్‌లెట్ల మీద పనిచేసే వేరే జాతి. పన్ను పీకే డాక్టరు అడిగితే "రక్తం పల్చబడే గోలి" అంటే చాలదు, పేరు, డోసు చెప్పాలె.

తెలుగు ఉపాధ్యాయుడు:
పేర్ల ముచ్చట వచ్చింది కాబట్టి, వార్ఫరిన్‌ల "వార్ఫ్" విస్కాన్సిన్ అల్యూమ్నై రీసెర్చ్ ఫౌండేషన్ పేరుల మొదటి అక్షరాలు, తోక "కౌమరిన్" నుంచి వచ్చింది. 1948ల ఎలుకల మందుగ వచ్చి, 1954ల మనుషుల మందైంది. విటమిన్ కె లోని "కె" గూడ గడ్డకట్టుడు అనే జర్మన్ మాటకు మొదటి అక్షరమే.

ప్రశ్న అడిగినవారు:
అయితే ఇట్ల రాస్తున్నం: "నెత్తురు నరాలల్ల పేరుకోకుండ చూసే గోలి. మీరు రక్తం పల్చబడే గోలి అనేది ఇదే. దీంతోని రక్తం తగ్గదు, నీరుగారదు. ఒక పూట మరిచిపోతే తర్వాత రెండు ఒకేసారి మింగొద్దు. నెత్తురు కారితే గోలి ఆపాలె."

ఫార్మసిస్టు:
చివరి వాక్యం మార్చాలె, అక్కా. ఆపితే అపిక్సబాన్ రక్షణ ఒకటి రెండు రోజులల్లనే పోతది, పక్షవాతం ముప్పు తిరిగొస్తది. ఇట్ల రాయండి: "చిగుళ్ళల్ల, ముక్కుల కొంచెం నెత్తురు వచ్చినా, ఒంటి మీద కమిలిన మచ్చలు పడినా, తర్వాతి గోలి టైముకు ముందే డాక్టరుకు ఫోన్ చేయాలె. నెత్తురు ఆగకపోయినా, దొడ్డికి నల్లగ పోయినా, తలకు దెబ్బ తగిలినా వెంటనే దవాఖానకు పోవాలె, గోలీల పట్టీ చేతుల పట్టుకపోవాలె. నొప్పులకు డైక్లోఫెనాక్ సొంతంగ కొనొద్దు." "పట్టీ" అనే మాట అట్లనే ఉంచండి, "స్ట్రిప్" అని రాయకండి.