ఇంటర్ ఎంపీసీ తర్వాత విమానాల వైపు: మన గోదావరి జిల్లాల నుంచి వెళ్లినవాళ్లు చెప్పండి

కొబ్బరితోట (అమలాపురం దగ్గర):
అందరికీ నమస్కారం అండి. మా పెద్దమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడు చదువుతోంది. సంక్రాంతికి మా తమ్ముణ్ణి తీసుకురావడానికి మధురపూడి ఎయిర్‌పోర్టుకి వెళ్తే తనూ వచ్చింది. అప్పట్నుంచీ ఒకటే మాట, పైలట్ అవుతానని. మొన్న ఒక కన్సల్టెన్సీ అతను ఇంటికొచ్చి, ఇప్పుడు ఐదు లక్షలు కడితే ఫ్లయింగ్ స్కూల్లో సీటు ఖాయం అన్నాడు. మాకున్నది ఎకరంన్నర తోట. అందులో సగం అమ్మాలి. మా మావయ్యగారు ఆడపిల్లకి ఇదంతా ఎందుకు అంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఈ దారిలో వెళ్లినవాళ్లుంటే ఉన్నదున్నట్టు చెప్పండి.

200గంటలు (రావులపాలెం):
అన్నయ్యా, ముందు ఆ ఐదు లక్షలు ఆపండి. మొదటి పని మెడికల్. డీజీసీఏ, అంటే విమానయానాన్ని చూసే కేంద్ర సంస్థ, గుర్తించిన డాక్టర్ దగ్గర క్లాస్ 2 పరీక్ష, అది అయ్యాక క్లాస్ 1. కళ్లద్దాలుంటే కంగారు పడొద్దు, అద్దాలతో చూపు సరిగా ఉంటే చాలు. రంగులు పోల్చుకోవడం మాత్రం ముఖ్యం. నాతో చేరిన ఒకబ్బాయి సగం ఫీజు కట్టాక అక్కడే ఆగిపోయాడు. ఎరుపు, ఆకుపచ్చ తనకి సరిగా తేడా తెలియవని అప్పటిదాకా అతనికే తెలియదు. వాళ్ల నాన్నగారు ఆఫీసు మెట్ల మీద కూలబడిపోవడం నేను చూశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

రెండోది రాత పరీక్షలు. నావిగేషన్, మెటియరాలజీ, రెగ్యులేషన్స్, టెక్నికల్. ఒక్కోదాంట్లో 70 శాతం రావాలి. వీటికి కంప్యూటర్ నంబరు, అంటే డీజీసీఏ పరీక్షలకి ఇచ్చే నంబరు, తీసుకుని ఇంటి దగ్గరే చదువుకోవచ్చు. ఇవి పాసయ్యాకే ఫ్లయింగ్‌కి డబ్బు కట్టమని నా మాట.

కమర్షియల్ లైసెన్సుకి 200 గంటలు ఎగరాలి. మా స్కూలు వాళ్లు ఏడాదిలో అయిపోతుందన్నారు. నాకు రెండేళ్ల ఎనిమిది నెలలు పట్టింది. ఉన్న నాలుగు విమానాల్లో రెండు విడిభాగాల కోసం షెడ్డులోనే ఉండేవి, చలికాలమంతా పొగమంచు. హాస్టల్ ఖర్చు మాత్రం నెలనెలా తప్పలేదు. చేరేముందు అడగాల్సింది సీటు గురించి కాదండి. ఈ రోజు ఎన్ని విమానాలు ఎగురుతున్నాయి, పిల్లలు ఎంతమంది, మధ్యలో మానేస్తే ఎంత వెనక్కిస్తారు, ఈ మూడూ కాగితం మీద రాయించుకోండి. లైసెన్సు వచ్చాక ఏటీఆర్ కోసమో ఎయిర్‌బస్ కోసమో టైప్ రేటింగ్, అంటే ఆ రకం విమానం నడపడానికి తీసుకునే శిక్షణ, దాని ఖర్చు వేరే. నాకు మొత్తం అరకోటి దాటింది, తర్వాత పద్నాలుగు నెలలు ఖాళీగా ఉన్నాను. ఇప్పుడు కో-పైలట్‌ని. రాయ్‌బరేలీ దగ్గర ఫుర్సత్‌గంజ్‌లో ప్రభుత్వ అకాడమీ ఉంది, ఇగ్రువా అంటారు. ప్రవేశ పరీక్ష ఉంటుంది, అమ్మాయి చేత తప్పకుండా రాయించండి.

లెక్కల_మాస్టారు (కాకినాడ, రిటైర్డ్):
మీ మావయ్యగారికి నా మాటగా ఇది చెప్పండి. 1936లోనే సరళా ఠక్రాల్ అనే ఆవిడ 21 ఏళ్ల వయసులో చీర కట్టుకుని జిప్సీ మాత్ విమానం ఒంటరిగా నడిపారు. జేఆర్డీ టాటా కరాచీ నుంచి బొంబాయికి టపా విమానం నడిపిన 1932 అక్టోబరు 15కి ఇంకా నాలుగేళ్లు కూడా నిండలేదప్పటికి.

మా ఇంట్లో మాత్రం విమానం అంటే భయంగానే మొదలైంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, మా కాకినాడ మీద బాంబులు వేశాయి. మా నాయనమ్మ చంటిబిడ్డతో పడవెక్కి కాలవ మీద పుట్టింటికి పోయిందట. ఆవిడ బతికున్నంత కాలం ఆకాశంలో మోత వినపడితే పిల్లల్ని పెరట్లోంచి లోపలికి లాగేసేది. ఆవిడ ముని మనవరాలు ఇప్పుడు బెంగళూరులో విమాన భాగాల డిజైన్ చేస్తోంది.

పానాపట్టినవాడు (రాజోలు, ఇప్పుడు శంషాబాద్):
బాబాయ్ గారూ, పాపకి పైలట్ ఒక్కటే కనిపించి ఉంటుంది. ఎయిర్‌పోర్టులో అద్దాల అవతల మేం కనపడం కదా. నేను ఏఎంఈ, అంటే విమానాల మెయింటెనెన్స్ ఇంజనీర్ని.

రైట్ సోదరుల పేరు అందరికీ తెలుసు. 1903 డిసెంబరు 17న 12 సెకన్లు, 120 అడుగులు. ఆ ఎగిరిన యంత్రానికి ఇంజను చేసింది వాళ్ల సైకిల్ షాపులో పనిచేసే చార్లీ టేలర్. తగిన ఇంజను బయట దొరక్కపోతే ఆరు వారాల్లో తయారుచేశాడు, 12 హార్స్ పవర్ వచ్చింది. మా వృత్తికి ఆయనే మూలపురుషుడు.

ఇంకో సంగతి. 1952లో కామెట్ అనే తొలి జెట్ ప్రయాణికుల విమానం సర్వీసులోకి వచ్చింది. 1954లో మూడు నెలల్లో రెండు గాలిలోనే విరిగిపోయాయి. కారణం తెలియడానికి ఒక విమానం బాడీని పెద్ద నీళ్ల తొట్టిలో పెట్టి, లోపల ఒత్తిడి పెంచుతూ తగ్గిస్తూ వేల ప్రయాణాలంత శ్రమ పెట్టారు. చివరికి చీలింది. విమానం పైకి ఎక్కినప్పుడల్లా ఉబ్బి, దిగినప్పుడల్లా తగ్గే రేకు, కిటికీల మూలల దగ్గర అలిసిపోతుందని తేలింది. మేం ఇప్పుడు టార్చి, చిన్న అద్దం పట్టుకుని రివెట్టు రివెట్టు దగ్గరా వెంట్రుకంత గీత కోసం వెతికేది దాని వల్లే.

మా పని ఎలాంటిదో ఒక్క రాత్రి చెబుతాను. టూల్ బోర్డు మీద ప్రతి పానాకీ దాని ఆకారం గీసి ఉంటుంది. షిఫ్టు చివర ఒక గీత ఖాళీగా ఉంది, పది నంబరు పానా లేదు. తెల్లవారుజామున విమానం బయల్దేరాలి. ఇంజను మూత మళ్లీ తీశాం, వీల్ దగ్గర పాకాం, జేబులన్నీ దులిపాం. నలభై నిమిషాలకి నూనె తుడిచిన గుడ్డల బుట్టలో దొరికింది. అప్పుడు గానీ సంతకం పెట్టలేదు. ఆ సంతకం నాది, లోపల కూర్చునేవాళ్లు డెబ్బై మంది పైనే. లేట్ చేశారని ఎవరూ ఒక్క మాట అనలేదు.

చదువు సంగతి: ఎంపీసీ సరిపోతుంది. సీఏఆర్ 147 అనే డీజీసీఏ అనుమతి ఉన్న కాలేజీలోనే చేరాలి, అది డీజీసీఏ సైట్‌లో చూసుకోండి. మెకానికల్ అయితే బీ1 లైసెన్సు, ఎలక్ట్రానిక్స్ అయితే బీ2. మాడ్యూల్ పరీక్షల్లో 75 శాతం రావాలి. పైలట్ ఖర్చుతో పోలిస్తే నాకు అయింది చాలా తక్కువ. కానీ కోర్సు పూర్తయినంత మాత్రాన లైసెన్సు రాదు, పని అనుభవం కావాలి. నాకు లైసెన్సు చేతికొచ్చేసరికి ఆరేళ్లు పట్టింది. అందులో రెండేళ్లు జీతం అద్దెకి చాలేది కాదు. ఇది దాచకూడదు.

టవర్‌మీంచి (భీమవరం):
నేను ఏటీసీలో, అంటే పైలట్లకి రేడియోలో దారి చెప్పే పనిలో ఉన్నానండి. బీఎస్సీ ఫిజిక్స్, మ్యాథ్స్ చదివి ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ పరీక్ష రాశాను. పుస్తకాలు, కోచింగ్ తప్ప పెద్ద ఖర్చు లేదు. ఇంజనీరింగ్ వాళ్లూ రాయొచ్చు. రాత పరీక్ష అయ్యాక గొంతు పరీక్ష కూడా ఉంటుంది, మాట స్పష్టంగా ఉందా లేదా అని. నా గోదావరి యాస పోదేమోనని భయపడ్డాను. వాళ్లకి కావలసింది యాస పోవడం కాదు, అంకె తప్పుగా వినిపించకపోవడం. ఒకదాని మీద ఒకటి వెళ్లే విమానాల మధ్య 1,000 అడుగుల ఎడం ఉంచాలి. వేసవి సాయంత్రం గాలివాన మేఘం లేస్తే పైలట్లందరూ ఒకేసారి పక్కకి తిరుగుతామంటారు. అప్పుడు పక్కవాళ్లు పిలిచినా వినపడదు. డ్యూటీ దిగాక పావుగంట ఎవరితోనూ మాట్లాడను. నైట్ షిఫ్టులు తప్పవు. కానీ ఇంట్లో తోట అమ్మకుండా ఆకాశంలో పనిచేస్తున్నాను, ఆ తృప్తి ఉంది.

దాళ్వారైతు (మండపేట):
పెద్దవాళ్ల మధ్య మాట్లాడుతున్నాను గానీ, మా తమ్ముడు డ్రోన్ పైలట్. పదో తరగతి పాసై, 18 నిండితే చాలు, డీజీసీఏ గుర్తించిన చోట నేర్చుకుని సర్టిఫికెట్ తీసుకున్నాడు. దాళ్వాలో, అంటే రెండో పంటలో, పది లీటర్ల ట్యాంకుతో ఎకరం వరి మీద పది నిమిషాల్లో మందు కొట్టేస్తున్నాడు. నేను వీపున ట్యాంకు మోసి మోకాల్లోతు బురదలో ఆ మందు పీల్చినవాణ్ణి. గాలి ఎక్కువగా ఉన్నరోజు వాడు ఎంత డబ్బిస్తానన్నా లేపడు, మందు పక్కనున్న రొయ్యల చెరువులో పడుతుందని.

కొబ్బరితోట:
అందరికీ పేరుపేరునా నమస్కారం. రాత్రి ఇదంతా పాప పైకి చదివింది, మావయ్యగారు కూడా కూర్చుని విన్నారు. పానా దగ్గర మళ్లీ చదవమన్నారు. కన్సల్టెన్సీ అతనికి ఇప్పుడు కట్టడం లేదని చెప్పేశాను. ముందు క్లాస్ 2 మెడికల్. బీఎస్సీలో చేరి పక్కన పైలట్ పేపర్లు చదువుతానని పాపే అంది. తోట మాట రెండేళ్ల తర్వాత చూద్దాం. 200గంటలు తమ్ముడూ, మెడికల్‌కి వెళ్లేటప్పుడు ఏం తీసుకెళ్లాలి?

200గంటలు:
ఆధార్, పదో తరగతి మార్కుల లిస్టు, అద్దాలుంటే అవీ, వాటి చీటీ కూడా తీసుకెళ్లండి. మిగతావి డాక్టర్‌కి ముందే ఫోన్ చేసి కనుక్కోండి. చిన్నప్పుడు ఏ ఆపరేషన్ అయినా ఆ కాగితాలు దాచకుండా చూపించండి. ముందురోజు రాత్రి పాపని త్వరగా పడుకోమనండి, నేను పడుకోక బీపీ ఎక్కువొచ్చి రెండోసారి వెళ్లాను.