పరిశోధన పేపర్ మీద పేర్ల వరుస: మీ మీ శాఖల్లో ఎలా నడుస్తోంది?

మూసీ_ఒడ్డు:
రసాయనశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను, నాలుగో ఏడు. ఎక్కడ అని అడగకండి. నల్లగొండ జిల్లా మర్రిగూడ, చండూరు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో చూడటం నా పని. రెండు ఎండాకాలాలు ఆ ఊళ్లు తిరిగాను. ఫ్లోరైడ్ గాజును పట్టుకుంటుంది కాబట్టి నీళ్లను ప్లాస్టిక్ సీసాల్లోనే పట్టాలి. నలభై సీసాలు రెండు గోనె సంచుల్లో వేసుకుని, ఒకటి ఒళ్లో, ఒకటి కాళ్ల మధ్య పెట్టుకుని ఆటోలో వచ్చేదాన్ని. సీసా మీద రాసిన ఊరి పేరు చెమటకు చెరిగిపోతే మళ్లీ వెళ్లి పట్టుకొచ్చిన రోజులూ ఉన్నాయి.

పోయిన వారం పేపర్ ముసాయిదా చేతికొచ్చింది. ఐదు పేర్లున్నాయి, నాది మూడోది. మొదటి పేరు గల పెద్దమనిషిని ఒక సెమినార్‌లో భోజనాల దగ్గర చూశాను, అంతే. గైడ్‌ను అడిగితే, "ఆయన పదోన్నతి దగ్గర పడిందమ్మా, నీకింకా బోలెడు కాలం ఉంది" అన్నారు.

గొడవ పడాలా వద్దా అన్నది తర్వాత చూసుకుంటాను. అసలు ఈ వరుసకు అర్థం ఏమిటి? అన్ని సబ్జెక్టుల్లోనూ ఇంతేనా?

పిల్లలమర్రి_నీడ:
మా గణితంలో మొదటి పేరు, చివరి పేరు అనే తగువే లేదు. ఇంగ్లిష్ అక్షరక్రమంలో వేసేస్తారు. ఎవరు ఎంత చేశారన్నది తూచరు. అర్థశాస్త్రంలోనూ చాలావరకు ఇదే పద్ధతి. నా పేరు 'వి'తో మొదలవుతుంది కనుక దాదాపు ఎప్పుడూ తోకలోనే ఉంటాను. జీవశాస్త్రం చదివిన మా బావమరిది అది చూసి, నేను ప్రయోగశాలకు అధిపతినని కొన్నాళ్లు నమ్మాడు. వాళ్లలో చేతులతో పని చేసినవారు మొదట, ల్యాబ్ నడిపే పెద్దాయన చివర ఉంటారట. నేను సరిదిద్దలేదు.

అసలు చిక్కు మన తెలుగు పేర్లతో. మా ఇంటిపేరు 'ఏ'తో మొదలవుతుంది. ఒక జర్నల్ దాన్ని పొడి అక్షరంగా ఉంచి నన్ను చివర వేసింది. ఇంకొకటి ఇంటిపేరును విప్పి మొదట వేసింది. ఇంటర్నెట్‌లో వెతికితే నేను ఇద్దరు మనుషులుగా కనిపిస్తున్నాను. చివరికి ఆర్కిడ్ సంఖ్య, అదే ఒక్కో పరిశోధకుడికి విడిగా ఇచ్చే పదహారు అంకెలది, తీసుకున్నాక ఆ ఇద్దరూ ఒక్కరయ్యారు. చెల్లీ, మీరింకా తీసుకోకపోతే ఇవాళే తీసుకోండి.

అణువు_కణువు:
మీరు ఐదు పేర్లకే బాధపడుతున్నారు! 2015లో హిగ్స్ బోసాన్ అనే కణం ద్రవ్యరాశి మీద, ఐరోపాలోని సెర్న్ ప్రయోగశాలకు చెందిన అట్లాస్, సీఎంఎస్ బృందాలు కలిసి వేసిన పేపర్‌లో 5,154 మంది రచయితలున్నారు. మొత్తం 33 పేజీలు, అందులో శాస్త్రం 9 పేజీలు. మిగతాదంతా పేర్లూ, వాళ్ల సంస్థలూ. మాలో అది రచయితల జాబితా కాదు, హాజరుపట్టీ.

ఇంకో కథ. 1975లో హెదరింగ్టన్ అనే అమెరికన్ భౌతికశాస్త్రవేత్త ఒక్కడే రాసిన పేపర్‌లో అంతటా 'మేము' అని పడింది. ఒక్కడివైతే 'మేము' కుదరదని ఒకరు హెచ్చరించారు. టైపు చేసిందంతా మళ్లీ చేయడం ఎందుకని తన పిల్లిని రెండో రచయితగా చేర్చాడు. పేపర్ అచ్చయింది కూడా. ఆ పిల్లి కనీసం ఆయన ఇంట్లో ఉండేది. మీ మొదటి రచయిత అంతకన్నా దూరం.

తెల్లకోటు:
వైద్యంలో రాసిపెట్టిన నియమాలున్నాయి. అంతర్జాతీయ వైద్య పత్రికల సంపాదకుల సంఘం నాలుగు షరతులు పెట్టింది. పని రూపకల్పనలోనో సమాచార సేకరణలోనో విశ్లేషణలోనో గట్టి పాలు ఉండాలి. రాయడమో, లోతుగా దిద్దడమో చేయాలి. చివరి ప్రతికి ఒప్పుకోవాలి. రేపు తప్పు బయటపడితే జవాబు చెప్పాలి. నాలుగూ ఉంటేనే రచయిత. డబ్బు తెచ్చినంత మాత్రానో, పైన కూర్చుని పర్యవేక్షించినంత మాత్రానో కాదు. ఆ నాలుగో షరతు 2013లో చేరింది. నాకు మాత్రం అదే అన్నిటికన్నా ముఖ్యం. మర్రిగూడ బోరు లెక్క తప్పు అని ఎవరైనా ఉత్తరం రాస్తే ఆ పెద్దమనిషి ఏ సీసా చూపిస్తారు?

మన జిల్లా ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లకు, ఎముకలకు వచ్చే జబ్బు) మీద 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన వ్యాసం మీద సిద్దీఖీ అనే ఒక్క పేరే ఉంటుంది. పటిక, సున్నం వేసి నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించింది. లోకం దాన్ని 'నల్లగొండ టెక్నిక్' అనే పిలుస్తుంది. రచయితల గొడవే లేకుండా పేరు ఊరికి దక్కింది.

డిండి_గాలి:
అందరూ ధర్మం మాట్లాడుతున్నారు, నేను లెక్క చెబుతాను. అధ్యాపకుల నియామకాలకు యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) పెట్టిన 2018 నిబంధనల ప్రకారం సైన్సు పేపర్‌కు 8 మార్కులు. ఇద్దరు రాస్తే ఒక్కొక్కరికి 70 శాతం, అంటే 5.6. ముగ్గురు, అంతకు మించి ఉంటే మొదటి రచయితకో, ప్రధాన రచయితకో, కరెస్పాండింగ్ ఆథర్‌కో (పత్రికతో ఉత్తరాలు నడిపేవారు) 70 శాతం, మిగతావారికి తలా 30 శాతం. అంటే 2.4.

ఇప్పుడు చూడండి. ఇద్దరున్న చోట మూడో పేరు చేరిస్తే మొదటివారికి పోయేది సున్నా. రెండోవారు 5.6 నుంచి 2.4కు జారిపోతారు. ఆ తర్వాత నాలుగు, ఐదు, ఎన్ని చేర్చినా ఎవరికీ ఏమీ తగ్గదు. మూడో పేరు దాటాక మొహమాటానికి ఖర్చు లేదు, అందుకే మన దగ్గర ఐదేసి పేర్లు. మీ పెద్దమనిషికి 5.6, మీకు 2.4. మీ నాలుగేళ్లలో ఆయన లాభం అక్షరాలా 3.2 మార్కులు.

రాచకొండ_గుట్ట:
తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మా శాఖలో వ్యాసం మీద గైడ్ పేరు వేయడం దాదాపు లేదు. పైగా కర్తృత్వం తేల్చడమే మాకు ఒక పరిశోధన. అమ్మా, నీ గోడు కొత్తది కాదు. పాత నల్లగొండ జిల్లా రాచకొండనే తీసుకో. రసార్ణవ సుధాకరం అనే సంస్కృత అలంకారశాస్త్ర గ్రంథం అక్కడి రాజు సర్వజ్ఞ సింగభూపాలుని పేరుతో ఉంది. ఆస్థానంలోని విశ్వేశ్వరకవి, చమత్కార చంద్రిక రాసినాయన, దాన్ని రాసి ప్రభువు పేరు పెట్టాడని ఒక వాదం. నాకు పూర్తిగా నమ్మకం లేదు. రాజుకు చదువు ఉండకూడదా? కానీ అనుమానం పుట్టడానికి కారణం మాత్రం నీ గైడ్ చెప్పినదే, పైవాడి అవసరం.

పాలమూరు వైపు ఇంకా చిత్రం. వర్ధమానపురం, ఇప్పటి నంది వడ్డెమాన్, ఏలిన గోన వంశంలోని బుద్ధారెడ్డి ద్విపద రామాయణాన్ని తండ్రి విఠలుని పేర చెప్పాడు. జనం దాన్ని రంగనాథ రామాయణం అన్నారు. ఆ రంగనాథుడు వేరే కవి అని కొందరు, బుద్ధారెడ్డే అని కొందరు. ఉత్తరకాండ అతని కొడుకులది. ఇంగ్లిష్ వాళ్లలాగా 'ఆఫ్', 'టు' వంటి చిన్న చిన్న మాటలు ఎన్నిసార్లు వచ్చాయో లెక్కబెట్టి కర్త ఎవరో తేల్చుదామంటే మన భాషలో విభక్తి మాటకు అతుక్కునే ఉంటుంది, ద్విపదలో ప్రాస మాటను తన వైపు లాగుతుంది. కంప్యూటర్‌కు అప్పగించే ముందు పదం విడదీయడం తెలియాలి.

అయితే మనవాళ్లు ఒక మంచి ఏర్పాటు చేశారు, కావ్యంలో ఒక్కో భాగం చివర వచ్చే ఆశ్వాసాంత గద్య. ఈ భాగం ఎవరిదో అక్కడే తేల్చిచెప్పడం. భాగవతం పోతనది అంటాం. అయిదో స్కంధం గంగనది, ఆరోది సింగనది, పదకొండు పన్నెండు వెలిగందల నారయవి. నారయ తన గద్యలో తాను పోతన శిష్యుణ్ణని చెప్పుకున్నాడు, పేరు మాత్రం తనదే పెట్టుకున్నాడు. గురువును తలచుకున్న చోటు వేరు, రచయితగా నిలిచిన చోటు వేరు. మీ గైడ్‌కు ఈ ముక్క చెప్పు. తెలుగువారైతే కాదనలేరు.

కోయిల్‌సాగర్_అల:
నాట్లు, కలుపుల పాటల మీద పని చేస్తున్నాను. సార్ చెప్పినదంతా రాసినవాళ్ల సంగతి. పాడినవాళ్ల సంగతో? దేవరకద్ర దగ్గర ఒక అవ్వ రెండు గంటలు పాడింది. అయిపోయాక కొంగుతో మొహం తుడుచుకుని, "ఇందులో రెండు నేను కట్టినవి, మిగతావి మా అత్తవి" అంది. నా నోట్‌బుక్‌లో అప్పటికే 'అజ్ఞాత కర్తృకం' అని రాసి ఉంది. కొట్టేశాను. నా సిద్ధాంత గ్రంథం మీద పేరు నాదే. ఆ రెండు పాటల కింద మాత్రం అవ్వ పేరు ఉంది, ఆమె ఒప్పుకున్నాకే వేశాను. పరీక్షకులు ఒకరు, "జానపదానికి కర్త ఉంటాడా?" అని అడిగారు. ఈ ఊళ్లో ఉందండి అన్నాను.

తెలంగాణలో కవులే లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వేసి జవాబిచ్చారు. ఆయనది మా పాలమూరే. వాదన పెట్టలేదు, పేర్లు అచ్చువేశారు.

తెల్లకోటు:
మూసీ_ఒడ్డు గారూ, ఏమైంది? మధ్యలో వదిలేశారు.

మూసీ_ఒడ్డు:
క్షమించండి, ఇల్లు మారాం. నారయ గద్య కాగితం మీద రాసుకుని వెళ్లాను. గైడ్ చదివి నవ్వారు, కోప్పడలేదు. కానీ ఆ నవ్వుతో పని కాలేదు. జర్నల్ వాళ్ల ఫారంతో అయింది. ఎవరెవరు ఏ పని చేశారో పద్నాలుగు రకాల్లో గుర్తు పెట్టమంది. నమూనాల సేకరణ, కొలతలు, విశ్లేషణ, మొదటి ముసాయిదా, అన్నిటికీ నా పేరే పడుతూ పోయింది. ఆ పెద్దమనిషి దగ్గరికి వచ్చేసరికి సార్ చాలాసేపు తెర వైపు చూసి, 'సమీక్ష, సవరణ' అని పెట్టారు. ఆయన ఒక్క కామా మార్చలేదు. ఇప్పుడు నాది మొదటి పేరు, ఆయనది నాలుగోది. తీసేయించలేకపోయాను, నిజమే.

సీసాలు మోసిన ఆటో అన్న పేరు కృతజ్ఞతల్లో వేశాను. అడిగే వేశాను. ఫోనులో చూపిస్తే రెండువేళ్లతో పెద్దది చేసి చూసుకుని, "ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉందేమిటమ్మా?" అన్నాడు. తుది ప్రతి ఇంకా దిద్దుబాటులోనే ఉంది కాబట్టి రాత్రికే విప్పి రాసి పంపాను.